ఇంటి దగ్గరి దారిలో కనిపించే జీవాలకూ పత్రికలో చోటివ్వండి

గౌరవనీయులైన సంపాదకులకు,

మీ పత్రికలో వన్యప్రాణుల గురించి వచ్చే వార్తలను, వ్యాసాలను నేను వదలకుండా చదువుతాను. పులుల లెక్కలు, ఏనుగుల మందల కదలికలు, వలస పక్షుల రాకపోకలు, అడవుల్లో కొత్తగా ఏర్పాటు చేసిన సఫారీలు, ఇవన్నీ అందరూ తెలుసుకోదగినవే. అయితే ఏళ్ల తరబడి ఇవే చదువుతూ వచ్చిన పాఠకుడి మనసులో వన్యప్రాణి అంటే ఎక్కడో దూరాన ఉండేదని, దాన్ని చూడాలంటే సెలవులు, డబ్బు, వాహనం, అనుమతిపత్రం అన్నీ సమకూరాలని ఒక అభిప్రాయం స్థిరపడిపోతుంది. ఆరోగ్యం కోసం రోజూ ఉదయమో సాయంత్రమో ఇంటి చుట్టుపక్కల నడిచే లక్షలాది మంది, తాము దాటుకుపోతున్న గోడవారలోనూ, మురుగుకాలువ గట్టు మీదా, ఖాళీ స్థలంలోని పిచ్చిమొక్కల మధ్యా ఏమున్నదో చూడకపోవడానికి ఈ అభిప్రాయం కూడా ఒక కారణమని నేను నమ్ముతున్నాను. ఆ దగ్గరి జీవజాలాన్ని గురించి కొన్ని మాటలు, దాంతోపాటు మీకు ఒక మనవి చేసుకోవడానికే ఈ ఉత్తరం.

రోజూ అదే దారిలో నడిస్తే కొత్తగా కనిపించేదేముంటుందని చాలామంది అడుగుతారు. అదే దారిలో నడవడం వల్లనే కొత్తది కనిపిస్తుందన్నది నా అనుభవం. కొత్త చోటికి వెళ్లినవాడికి అంతా కొత్తే కనుక అక్కడ నిన్నటికీ ఇవాళ్టికీ ఏది మారిందో అతడికి తెలియదు. రోజూ చూసే చెట్టు మీద ఒక కొమ్మ ఎండినా, ఒక కొత్త గొంతు వినిపించినా, నిన్నటిదాకా ఉన్న గూడు ఖాళీ అయినా ఆ దారికి అలవాటుపడిన కన్ను వెంటనే పట్టుకుంటుంది. ఊదారంగు తేనెపిట్టనే తీసుకోండి. సంతాన కాలంలో నల్లగా, ఎండ పడితే నీలంగా, ఊదాగా మెరిసే మగ పిట్ట, ఆ కాలం గడిచాక ఆ రంగంతా కోల్పోయి ఆడపిట్టలాగే వెలిసిన పసుపు రంగులోకి మారిపోతుంది. గొంతు నుంచి పొట్ట వరకు ఒక నల్లటి చార మాత్రం మిగులుతుంది. ఒక్కసారి చూసి వెళ్లిపోయేవారు ఇవి రెండు వేర్వేరు జాతులనుకుంటారు. అదే పూలపొద దగ్గర నెలల తరబడి ఆగి చూసేవారికి ఆ మార్పు ఈక ఈకగా కళ్లెదుటే జరుగుతుంది. కోకిల సంగతీ ఇంతే. వసంతంలో చెవులు మారుమోగేలా కూసేది నల్లటి ఒంటితో, ఎర్రటి కళ్లతో ఉండే మగ కోకిల. గోధుమరంగు మీద తెల్లటి మచ్చలున్న ఆడ కోకిల ఆకుల చాటున ఉండి, వేరే రకంగా, తెంచి తెంచినట్టు అరుస్తుంది. ఏ చెట్టు మీద కాకి గూడు కట్టిందో తెలిసినవారికి, కొన్ని వారాల తరవాత ఆ కాకే ఒక కోకిల పిల్ల నోట్లో మేత పెడుతున్న దృశ్యం చూసే అవకాశం ఉంటుంది. ఇందుకు దుర్భిణి కూడా అక్కర్లేదు.

అంత దూరం తల ఎత్తి చూడలేనివారు రోడ్డు పక్కన ఒక జిల్లేడు మొక్క దగ్గర కాసేపు నిలబడితే చాలు. అందరూ కలుపు అని తీసిపారేసే ఈ మొక్క మీద ఎన్ని జీవితాలు నడుస్తున్నాయో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఆకు అడుగు భాగాన తెల్లగా, గుండుసూది తలకన్నా చిన్నగా కనిపించేది ఒక సీతాకోకచిలుక గుడ్డు. నారింజరంగు రెక్కలు, వాటి కొసల్లో నలుపు, ఆ నలుపులో తెల్లటి మచ్చలు ఉండే ఈ సీతాకోకచిలుకను చూడనివారుండరు. దాని గొంగళిపురుగు నలుపు, తెలుపు, పసుపు పట్టీలతో, ఒంటి మీద మూడు జతల నల్లటి పోగులతో ఉంటుంది. ఆకు తినబోయే ముందు అది ఈనెను కొరుకుతుంది. అలా కొరకడం వల్ల పాలు అక్కడే కారిపోయి, మిగిలిన ఆకులోకి అంతగా రావు, పురుగు నోరు అంటుకుపోదు. అయినా ఆ పాలలోని విషం కొంత దాని ఒంట్లో చేరి, రెక్కలు వచ్చాక కూడా నిలిచి ఉంటుంది కనుక ఒకసారి దాన్ని రుచి చూసిన పక్షి మళ్లీ దాని జోలికి రాదు. ఇంతకన్నా వింత ఏమిటంటే, ఏ విషమూ లేని మరో జాతి సీతాకోకచిలుకలో ఆడది అచ్చం ఇదే రంగుల్లో పుట్టి, ఆ పోలికతోనే పక్షుల నుంచి తప్పించుకుంటుంది. దాని మగది మాత్రం నల్లటి రెక్కల మీద పెద్ద తెల్లమచ్చలతో, ఏ పోలికా లేకుండా ఉంటుంది.

అదే జిల్లేడు లేత చివుళ్లకు పసుపుపచ్చగా అంటుకుని ఉండేది పేనుబంక. అవన్నీ ఆడవే. మగవాటితో పని లేకుండా పిల్లల్ని కనుకుంటూ పోతాయి. వాటి తీపి స్రావం కోసం చీమలు వస్తాయి, ఆ పేనుబంకనే తినడానికి అక్షింతల పురుగులు, వాటి పిల్లలు వస్తాయి. పూల దగ్గర రొద చేస్తూ తిరిగే నల్లటి పెద్ద తుమ్మెదలు తేనె కోసం వాలినప్పుడు, చిన్న సంచుల్లా ఉండే పుప్పొడి ముద్దలు వాటి కాళ్లకు తగులుకుని మరో పువ్వుకు చేరుతాయి. ఈ మొక్క విడిపొడిగా పుప్పొడి రాల్చదు కాబట్టి, అంత బలమైన కీటకం రాకపోతే కాయ కట్టడం కష్టం. పసుపు, నీలం చారలతో బొమ్మలా కనిపించే జిల్లేడు మిడత కూడా ఇక్కడే దొరుకుతుంది. దాని పిల్లను పట్టుకోబోతే ఒంట్లోంచి ఒక ద్రవాన్ని చిమ్ముతుంది. ఇంత జరిగే ఈ మొక్క పక్కనుంచి మనం రోజూ చరవాణి చూసుకుంటూ వెళ్లిపోతున్నాం.

గులాబీ ఆకుల అంచుల్లో కత్తెరతో కోసినట్టు గుండ్రటి కోతలు కనిపిస్తే చాలామంది తెగులని భయపడి మందు కొడతారు. అది ఆకులు కోసుకుపోయి గూటిలో పిల్లలకు పొత్తిళ్లు అమర్చే ఒక జాతి తేనెటీగ పని. దానివల్ల మొక్కకు చెప్పుకోదగిన నష్టం లేదు, పైగా అది పూలకు మేలు చేసే జీవి. వాన తగలని చూరు కింద మెత్తటి మట్టిలో గరాటులాంటి గుంటలు కనిపిస్తే, ఒక్కొక్క గుంట అడుగున ఒక్కొక్క పురుగు దవడలు తెరిచి పొంచి ఉంటుంది. జారిపడిన చీమ పైకి పాకబోతే అది కింది నుంచి మట్టి ఎగజిమ్ముతుంది. కొంతకాలానికి అదే పురుగు తూనీగను పోలిన పొడవాటి రెక్కలతో రాత్రిపూట దీపాల దగ్గరికి వస్తుంది. సాలీడు గూళ్ల గురించి రాయబోతే ఉత్తరం చాలదు. తెల్లవారుజామున మంచుబొట్లతో కనిపించే చక్రంలాంటి వలను అల్లే సాలీళ్లలో చాలా జాతులు పాత వలను తామే తినేసి, మరునాటికి కొత్తది అల్లుకుంటాయని మాత్రం చెప్పి ఊరుకుంటాను.

ఇంటి దగ్గరి దారిని చిన్నచూపు చూడని గొప్పవారు ఎందరో ఉన్నారు. ఐదేళ్ల పాటు ప్రపంచమంతా ఓడ మీద తిరిగి 1836లో స్వదేశం చేరిన చార్లెస్ డార్విన్ మళ్లీ ఎన్నడూ బ్రిటన్ దాటలేదు. 1842 నుంచి చనిపోయేదాకా డౌన్ అనే పల్లెలోనే ఉండి, తన ఇంటి పక్కన వేయించుకున్న ఇసుక బాట మీద రోజూ నడిచేవాడు. ఆ ఇంటి చుట్టుపక్కల నేలలోని వానపాములు మట్టిని ఎంతగా తిరగేస్తాయో ఏళ్ల తరబడి గమనించి, కొలిచి, 1881లో ప్రకటించిన పరిశోధనే ఆయన చివరి గ్రంథమయింది. మన పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ గురించి కూడా చెప్పాలి. 1930 ప్రాంతంలో, చేతిలో ఉద్యోగం లేని రోజుల్లో, ముంబయి దగ్గరి కిహీం అనే సముద్రతీర గ్రామంలో ఉంటూ, ఇంటికి దగ్గరలోని గిజిగాడి గూళ్లను ఆయన ఓపికగా గమనించాడు. మగ గిజిగాడు గూడు సగం కట్టి ఆపుతుందని, ఆడపక్షులు వచ్చి ఆ సగం గూళ్లను పరీక్షించి, నచ్చిన దాంట్లో చేరాకే మగది మిగతా సగం పూర్తి చేస్తుందని, ఆ వెంటనే మరో ఆడపక్షి కోసం ఇంకో గూడు మొదలుపెడుతుందని ఆ పరిశీలనలోనే తేలింది. గిజిగాడి గూటి అందాన్ని తరతరాలుగా అందరూ చూస్తూనే ఉన్నారు. రోజూ అక్కడే కూర్చుని ఏ పక్షి ఎప్పుడు వచ్చిందో, ఏం చేసిందో రాసిపెట్టుకోబట్టి సాలిం అలీకి ఆ సంగతి దొరికింది.

ఇవి పాతకాలపు ముచ్చట్లని, ఇప్పుడు పట్టణాల్లో కనుగొనడానికి ఏమీ మిగల్లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేను. ఇంగ్లండులోని లెస్టర్ నగర శివారులో జెన్నిఫర్ ఓవెన్ అనే జీవశాస్త్రవేత్త 1972 నుంచి 2001 వరకు ముప్పై ఏళ్లపాటు తన ఇంటి తోటలో కనిపించిన ప్రతి జీవినీ, మొక్కనూ నమోదు చేసింది. ఆ ఒక్క మామూలు తోటలో తేలిన జాతులు 2,673. అందులో 1,997 కీటకాలే. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ మహానగరంలో మామూలు జనం తమ పెరళ్లలో వలలు పెట్టుకోనివ్వగా, అందులో చిక్కిన చిన్న ఈగల్లోంచి ముప్పై కొత్త జాతులను అక్కడి మ్యూజియం శాస్త్రవేత్తలు గుర్తించి 2015లో ప్రకటించారు. న్యూయార్కు నగరం పరిధిలోనే ఒక కప్ప తన జాతికి చెందనట్టుగా అరుస్తోందని ఒక పరిశోధకుడి చెవికి తట్టడంతో మొదలైన అన్వేషణ, 2014లో దాన్ని కొత్త జాతిగా వర్ణించడంతో ముగిసింది. కోట్లమంది తిరిగే చోట ఒక కప్ప అన్నాళ్లూ ఎవరికీ తెలియకుండా ఉండగలిగిందంటే, మన వీధి చివరి కుంటలో ఏముందో మనకు పూర్తిగా తెలుసునని ఎలా అనగలం?

నన్ను అడిగితే, కొత్తవాటిని కనిపెట్టడంకన్నా ముఖ్యమైన పని ఇంకొకటి ఉంది. అది మామూలువాటిని లెక్కలో ఉంచడం. అరుదైన జంతువుకు కాపలా ఉంటుంది, లెక్క ఉంటుంది. ఎక్కడ చూసినా ఉండేదాన్ని ఎవరూ లెక్కపెట్టరు. ఒకప్పుడు భారతదేశంలో రాబందులు లెక్కకు మించి ఉండేవి. 1990ల్లో మూడు జాతుల రాబందులు 90 శాతానికి పైగా నశించిపోయాయి. పశువులకు ఇచ్చే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, వాటి కళేబరాలను తిన్న రాబందుల మూత్రపిండాలను చెడగొడుతోందని 2004లో తేలింది. 2006లో ఆ మందును పశువైద్యంలో నిషేధించారు. భరత్‌పూర్‌లోని కేవలదేవ్ జాతీయ ఉద్యానంలో 1980ల నాటి రాబందుల లెక్కలు రాసి ఉన్నాయి కనుకే ఆ పతనం ఎంతటిదో పోల్చి చెప్పగలిగారు. ఆ లెక్కలు లేని చోట్ల 'ఎప్పుడు పోయాయో తెలియదు' అన్న మాట తప్ప మరో ఆధారం లేదు. ప్రతి తరమూ తన చిన్ననాడు చూసినదాన్నే సహజస్థితిగా భావించి, అంతకుముందు జరిగిన నష్టాన్ని మరచిపోతుందని మత్స్యశాస్త్రవేత్త డేనియల్ పౌలీ 1995లో రాశాడు. పిచ్చుకలు గుంపులుగా లేని ఇళ్లలో పుట్టిపెరిగిన పిల్లలకు అదే మామూలుగా తోస్తుంది. ఆ మరపుకు విరుగుడు, తేదీ వేసి రాసిన ఒక నోటు పుస్తకం. ఇంగ్లండులో రాబర్ట్ మార్షమ్ అనే ఆయన 1736లో మొదలుపెట్టి, తన ఊళ్లో ఏ ఏడు ఏ చెట్టు ఎప్పుడు చిగిర్చిందో, ఏ పక్షి ఎప్పుడు కూసిందో రాసుకున్నాడు. ఆయన వంశీకులు ఆ రాతను 1958 దాకా కొనసాగించారు. వాతావరణ మార్పును అధ్యయనం చేసేవారికి ఈనాడు ఆ కాగితాలు ఎంతో విలువైనవయ్యాయి.

రాసుకోవడానికి పెద్ద పాండిత్యం అవసరం లేదు. తేదీ, వేళ, చోటు, కనిపించిన జీవి, అది చేస్తున్న పని, ఈ నాలుగైదు మాటలు చాలు. పేరు తెలియకపోతే రూపం వర్ణించి రాసుకోవచ్చు, పేరు తరవాత దొరుకుతుంది. 'ఇవాళ కనిపించలేదు' అన్నది కూడా రాయదగిన విషయమే. లేకపోవడం ఎప్పుడు మొదలయిందో ఆ మాటలే చెబుతాయి. ఫోటో తీసేవారు పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, వీలైతే రెక్కల అడుగు భాగం ఒకటి తీస్తే గుర్తుపట్టడం సులువవుతుంది. అంతర్జాలంలో 2002లో మొదలైన ఈబర్డ్‌లో పక్షుల లెక్కలు, 2008లో మొదలైన ఐనాచురలిస్ట్‌లో అన్ని రకాల జీవుల ఫోటోలు ఎవరైనా ఉచితంగా నమోదు చేయవచ్చు. ఫోటోను బట్టి కంప్యూటరు సూచించిన పేరును ఉన్నదున్నట్టు నమ్మకుండా, తెలిసినవారు ధ్రువీకరించేదాకా ఆగడం మంచిది. చూపు తగ్గిన పెద్దలు దీనికి తాము పనికిరామనుకోనవసరం లేదు. పక్షులను చూసి గుర్తించేదానికన్నా విని గుర్తించేది ఎక్కువని అనుభవజ్ఞులంతా ఒప్పుకునే మాట. నడకలో చెవుల్లో పాటలు మోగించుకునే అలవాటున్నవారు కనీసం సగం దూరమైనా వాటిని తీసేయాలని నా విన్నపం.

ఇష్టం వల్ల కూడా హాని జరుగుతుంది కనుక కొన్ని జాగ్రత్తలు చెప్పక తప్పదు. ఈకలు వచ్చి, సరిగా ఎగరలేక నేలమీద గెంతుతున్న పక్షిపిల్లను చూసి జాలిపడి ఇంటికి తెచ్చుకునేవారున్నారు. చాలాసార్లు దాని తల్లిదండ్రులు దగ్గరలోనే మేత పట్టుకుని మనం ఎప్పుడు తొలగుతామా అని ఎదురుచూస్తుంటాయి. కుక్కలు, పిల్లులు, వాహనాల ప్రమాదం ఉంటే పక్కనున్న పొదలోకి చేర్చి దూరం జరగడమే దానికి మనం చేయగల మేలు. గూడు దగ్గర కొమ్మలు వంచి ఫోటోలు తీయడం, ఫోన్‌లో కూతలు వినిపించి పక్షిని రప్పించడం, గుడ్లగూబ ఉండే తొర్ర ఎక్కడుందో అందరికీ ప్రకటించడం మానుకోవాలి. పాము కనిపిస్తే దూరంగా ఆగి, దాని దారిన దాన్ని పోనివ్వాలి. ఎలుకలను తిని బతికే విషంలేని జెర్రిపోతులు, తాచుపామని పొరబడినవారి చేతుల్లో చచ్చిపోవడం నాకు ఎంతో బాధ కలిగించే విషయం.

నడిచేవారు ఎంత శ్రద్ధగా చూసినా, చూడవలసినవే మిగలకపోతే ప్రయోజనం లేదు. శుభ్రత పేరుతో దారి పక్క గడ్డినీ మొక్కలనూ నేలమట్టం దాకా గీకేయడం, రాలిన ఆకులను కుప్పవేసి కాల్చడం, రాత్రంతా తీవ్రమైన తెల్లటి దీపాలు వెలిగించడం ఇప్పుడు ఎక్కడ చూసినా అలవాటయింది. పెద్ద పిచ్చుకలు గింజలు తిని బతికినా, గూట్లోని పిల్లలకు ముఖ్యంగా పురుగులే పెడతాయి. పురుగులు లేని చోట గింజలు చల్లి, చెక్కగూళ్లు వేలాడదీసినంత మాత్రాన పిచ్చుకలు పిల్లల్ని పెంచలేవు. మిణుగురులు తమ వెలుగుతోనే జతను పిలుచుకుంటాయి. విద్యుద్దీపాల వెలుతురులో ఆ పిలుపు కనిపించదు. దారి పక్క ఒక సన్నటి పట్టీని కోయకుండా వదిలేయడం, రాలిన ఆకులను చెట్ల మొదళ్లలోనే కుళ్లనివ్వడం, దీపాలకు మూత అమర్చి వెలుతురు నేలమీదికే పడేలా చేయడం, ఇవి పెద్ద ఖర్చు లేని పనులు. కాలనీ సంఘాలవారు, ఉద్యానాలను నిర్వహించేవారు వీటిని వెంటనే ఆలోచించాలని కోరుతున్నాను.

ఇక మీకు నా మనవి. వారానికొకసారి, ఒక మూల, నాలుగు అంగుళాల చోటైనా సరే, పాఠకులు తమ నడకదారిలో చూసిన జీవుల విశేషాలకు కేటాయించండి. పంపేవారు తేదీ, చోటు తప్పనిసరిగా రాయాలని నియమం పెట్టి, గూళ్ల ఆచూకీ బయటపడకుండా సవరించి, జంతుశాస్త్రం తెలిసిన ఒకరి చేత సరిచూపించి ప్రచురించండి. ప్రకృతి అందాలంటూ వేసే ఫోటోల కింద 'ఓ పక్షి', 'రంగురంగుల పురుగు' అని వదిలేయకుండా దాని తెలుగు పేరు వేయండి. ఒకే పక్షికి ఒక్కో ప్రాంతంలో ఒక్కో పేరుంటే ఆ పేర్లన్నీ పంపమని పాఠకులనే అడగండి. ఇప్పటికీ ఆ పేర్లు తెలిసిన పెద్దలు ఉన్నారు, వారికి రాయడానికి ఒక చోటు కావాలి. పాములు చంపిన వార్తల్లో అది విషసర్పమో కాదో తెలుసుకుని రాయండి. తొలకరి తరవాత నేలమీద, నీటి గుంటల్లో జీవజాలం ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి, మీరు అంగీకరిస్తే ఈ శీర్షికను వానాకాలం ఆరంభంలో మొదలుపెట్టడం అన్నివిధాలా అనువుగా ఉంటుంది.

భవదీయుడు,
ఒక పాఠకుడు